అక్కా, మీరు ఎప్పుడూ ఫస్టే వస్తారా? స్కూలు పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

రేసులు లేని నెలల్లో స్కూళ్ళకి వెళ్ళి చిన్న తరగతుల పిల్లలతో సైక్లింగ్ గురించి మాట్లాడుతుంటాను. ఎక్కువమంది ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళే. నేను చెప్పాలనుకున్నది పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత చేతులు లేస్తాయి చూడండి, అసలు కార్యక్రమం అప్పుడే మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళినా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకి ఎలా చెబుతానో దాదాపు అలాగే రాశాను. టీచర్లూ తల్లిదండ్రులూ అడిగేవి చివర్లో ఉన్నాయి.

సైకిల్ తొక్కడమే మీ ఉద్యోగమా? నిజంగానా?

నిజంగానే. జట్టు నాకు జీతం ఇస్తుంది. వారంలో ఐదారు రోజులు తొక్కుతాను, ఒకరోజు రెండు గంటలైతే ఇంకోరోజు ఐదు గంటలు. ఏడాది మొత్తం లెక్కేస్తే 20,000 కిలోమీటర్లు దాటుతుంది. క్లాసులో గ్లోబు ఉంటే దాని మీద వేలు పెట్టి సగం చుట్టు తిప్పి చూపిస్తాను. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి, రెండేళ్ళలో బయల్దేరిన చోటికే వచ్చేస్తానన్నమాట. నిద్ర కూడా నా పనిలో భాగమే. కండలు బాగుపడేది పడుకున్నప్పుడే కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకల్లా పక్క ఎక్కేస్తాను.

ఎన్ని రేసుల్లో ఫస్టు వచ్చారు?

చాలా తక్కువ. ఈ మాట అనగానే ముందు వరసలో ముఖాలు చిన్నబోతాయి. అందుకే ఇక్కడ ఆగి నింపాదిగా చెబుతాను. నేను స్కూళ్ళకి వెళ్ళేదే ఈ సంగతి చెప్పడానికి.

రోడ్డు మీద జరిగే సైకిల్ రేసు చూడ్డానికి ఎవరికి వారు పోటీ పడుతున్నట్టు ఉంటుంది గానీ అది జట్ల ఆట. ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పెద్ద రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో, మగవాళ్ళ పోటీలో, ఒక్కో జట్టుకి 8 మంది. వాళ్ళలో గెలిచే అవకాశం ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళంతా ఆ ఒక్కరినీ గాలికి అలిసిపోకుండా, ఆకలితో నీరసపడకుండా, వెనకబడిపోకుండా చివరిదాకా తీసుకెళ్ళాలి. మా జట్టులో నేను ఆ మిగతావాళ్ళలో ఉంటాను. మా పనికి ఫ్రెంచ్‌లో డొమెస్టీక్ అని పేరు, ఇంటి పనివాడు అని అర్థం. మొదట్లో ఎద్దేవా చేయడానికి వాడిన మాట అది. ఇప్పుడు మేం గర్వంగా చెప్పుకుంటాం.

నీళ్ళు తెచ్చే పని ఎలా ఉంటుందో చూపించడానికి రేసు చొక్కా పట్టుకెళ్తాను. దానికి వెనకవైపు నడుం దగ్గర మూడు జేబులుంటాయి. మా జట్టు కారు, ఆటగాళ్ళ గుంపుకి వెనకాల వస్తుంటుంది. నేను వేగం తగ్గించి కారు దాకా వెళ్ళి, కదులుతున్న కారు కిటికీలోంచి సీసాలు ఒక్కొక్కటే అందుకుంటాను. సైకిల్‌కి రెండు, జేబుల్లో మూడు, ఇక చోటు లేకపోతే మెడ దగ్గర్నుంచి చొక్కాలోకి రెండు మూడు. ఐసులోంచి తీసిన సీసా వీపుకి తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. ఆ బరువుతో మళ్ళీ గుంపునంతా దాటుకుంటూ ముందున్న మా వాళ్ళ దగ్గరికి చేరాలి. పిల్లల్లో ఒకరికి ఆ చొక్కా తొడిగి, సీసాలన్నీ నింపి, తరగతి గదిలో అటూ ఇటూ నడవమంటాను. ఆ తర్వాత ఎవరికీ వేరే వివరణ అక్కర్లేదు.

మా నాయకురాలి చక్రం పంక్చరై, జట్టు కారు దూరంగా ఉంటే నా చక్రం తీసి ఇచ్చేస్తాను. ఒకసారి ఒక పాప, "మరి మెడల్ ఆవిడకే వేస్తారు కదా, మీకేం ఇస్తారు?" అని అడిగింది. బహుమతి డబ్బు జట్టంతా పంచుకోవడం మా ఆటలో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ అని చెప్పాను. దానికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. గెలిచినామె గీత దాటి సైకిల్ దిగగానే వెనక్కి తిరిగి మా కోసం వెతుక్కుంటుంది. ఆ క్షణం కోసం నేను ఎన్ని సీసాలైనా మోస్తాను.

ఒకరి వెనక ఒకరు అంత దగ్గరగా ఎందుకు పోతారు?

గాలి వల్ల. చదునైన రోడ్డు మీద గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మన బలంలో చాలా భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ముందు మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే వెనకున్నవాళ్ళకి సుమారు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. పెద్ద గుంపు నడిమధ్యలో ఉంటే ఇంకా చాలా తగ్గుతుంది. ఆ గుంపునే పెలోటాన్ అంటారు.

ఇది మాటల్లో చెబితే చిన్నపిల్లలకి ఎక్కదు. గ్రౌండులోకి తీసుకెళ్ళి ఒకరి చేతికి పెద్ద చార్టు ఇచ్చి, ఛాతీకి అడ్డంగా పట్టుకుని పరిగెత్తమంటాను. చార్టు వెనక్కి నెట్టేస్తుంది, చేతులు లాగేస్తాయి. ఆ వెనకే నలుగురు వరసగా పరిగెడతారు. వాళ్ళకి ఏమీ అనిపించదు. ఇరవై అడుగులయ్యాక ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకుని వరస చివరికి వెళ్ళాలి, రెండోవాళ్ళు చార్టు అందుకోవాలి. రేసులో మేం చేసేదీ అచ్చంగా ఇదే. గుంపు నుంచి విడిపోయి ముందుకి దూసుకెళ్ళిన ఐదుగురు ఐదు జట్ల వాళ్ళయినా ఇలాగే వంతులు వేసుకుంటారు. చివర్లో ఒకరినొకరు ఓడించుకోవాల్సినవాళ్ళే, కానీ అంతదాకా వంతు ఎగ్గొట్టకూడదు. వంతు ఎగ్గొట్టేవాళ్ళని పిల్లలు గ్రౌండులో ఎంత త్వరగా పట్టేస్తారో మేమూ అంతే త్వరగా పట్టేస్తాం.

రేసు మధ్యలో బాత్రూమ్ వస్తే?

ప్రతి స్కూల్లోనూ వచ్చే ప్రశ్న, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రేసు నెమ్మదిగా సాగుతున్నప్పుడు కొందరం కలిసి ఆగి, రోడ్డు పక్కన చాటు చూసుకుని పని కానిచ్చి, కలిసే తొక్కుకుంటూ గుంపుని అందుకుంటాం. అలా ఆగినవాళ్ళని వదిలేసి వేగం పెంచడం మర్యాద కాదని అందరం అనుకుంటాం.

ఏం తింటారు?

రేసులో గంటగంటకీ తింటూనే ఉండాలి. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఒంట్లో పిండి పదార్థం నిల్వ అయిపోతే కాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి, కళ్ళు తిరుగుతాయి, ఎంత తొక్కినా సైకిల్ కదిలినట్టు ఉండదు. అందుకే జేబుల్లో అరటిపండ్లు, అన్నాన్ని తీపి కలిపి గట్టిగా అదిమి కోసిన ముక్కలు, చింపి నోట్లో పిండుకునే జెల్ పొట్లాలు పెట్టుకుంటాం. దారిలో ఒకచోట జట్టువాళ్ళు గుడ్డ సంచులు చాపి నిలబడతారు. మేం వేగంగా పోతూనే సంచి పట్టి లాక్కుని మెడలో వేసుకుంటాం. ఖాళీ సంచి పిల్లలకిస్తే అది చాలా సేపు చేతులు మారుతూ తిరుగుతుంది.

మీ సైకిల్ బరువెంత?

సుమారు 7 కిలోలు. రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన. స్టాండు, మడ్‌గార్డు, బెల్లు, క్యారియరు ఏవీ ఉండవు. రెండో తరగతి పిల్లలు కూడా ఒంటిచేత్తో ఎత్తేస్తారు. ఎత్తిన ప్రతి ఒక్కరూ ముందు టీచరు వైపు చూస్తారు.

ఎంత స్పీడు పోతారు?

చదునులో గుంపుగా గంటకి 40 నుంచి 50 కిలోమీటర్లు. పెద్ద కొండ దిగేటప్పుడు మగవాళ్ళ రేసుల్లో కొందరు 100 కూడా దాటుతారు. ఎవరి సాయమూ లేకుండా, ట్రాక్ మీద ఒక్క గంటలో ఎంత దూరం పోగలరో చూసే పోటీ ఒకటుంది. ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా 2022లో 56.792 కిలోమీటర్లు తొక్కాడు.

ఇది చెప్పగానే "నేను కూడా చేతులు వదిలేసి స్పీడుగా తొక్కుతా" అని ఎవరో ఒకరు అంటారు. మా రోడ్లు రేసు కోసం మూసేసి ఉంటాయని, ఎదురుగా బండి రాదని, మలుపులో ప్రమాదం ఉంటే జెండా ఊపేవాళ్ళు ఉంటారని అప్పుడే చెప్పేయాలి. మామూలు రోడ్డు మీద నేనూ వేగంగా పోను.

సైకిల్ విరిగిపోతే ఏం చేస్తారు?

ఇప్పుడైతే కారు మీద ఇంకో సైకిల్ సిద్ధంగా ఉంటుంది. పూర్వం అలా కాదు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఆటగాడు టూర్మలే అనే పెద్ద కొండ దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ విరిగిపోయింది. ఆ రోజుల్లో ఎవరి సైకిల్ వాళ్ళే బాగుచేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. అతను సైకిల్ మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గరికి చేరాడు. కమ్మరి పక్కనే నిలబడి ఎలా చేయాలో చెబుతుంటే, ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, ఫోర్క్ తనే అతికించుకున్నాడు. రేసు అధికారులు అక్కడే నిలబడి చూస్తున్నారు. రెండు చేతులూ ఇనుము మీద ఉండటంతో కొలిమి తిత్తి ఊదడానికి చెయ్యి ఖాళీ లేక, ఒక చిన్న పిల్లాడు ఆ తిత్తి లాగాడు. అంతే, బయటి సాయం తీసుకున్నాడని శిక్షగా అతని సమయానికి 10 నిమిషాలు కలిపారు. తర్వాత దాన్ని 3 నిమిషాలకి తగ్గించారు.

ఈ కథ అయ్యాక పిల్లలు క్రిస్టోఫ్ గురించి అడగరు. "ఆ అబ్బాయిని కూడా తిట్టారా?" అని అడుగుతారు. తిట్టలేదనే చెబుతాను, శిక్ష పడింది క్రిస్టోఫ్‌కే.

పసుపు చొక్కా ఎందుకు వేసుకుంటారు?

టూర్ ద ఫ్రాన్స్ 21 రోజుల రేసు. ఆ రోజుల సమయాలన్నీ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళే ముందున్నట్టు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్ళకి ఆ మనిషి ఎవరో తెలియాలని 1919లో పసుపు చొక్కా మొదలుపెట్టారు. రేసు నడిపే పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, అందుకే ఆ రంగు అంటారు. మొదటిసారి దాన్ని తొడుక్కున్నది ఎవరో తెలుసా? కొలిమి దగ్గర చూశామే, ఆ క్రిస్టోఫే. ఆ ఏడాది కూడా ముందుండగా అతని ఫోర్క్ మళ్ళీ విరిగింది. అతను టూర్ ఎప్పుడూ గెలవలేదు. నూరేళ్ళు దాటినా మేం అతని పేరు చెప్పుకుంటూనే ఉన్నాం.

అందరికంటే చివర్న వస్తే నవ్వుతారా?

నవ్వరు. చప్పట్లు కొడతారు. 1903లో జరిగిన మొదటి టూర్‌లో 60 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 21 మందే. ఆ 21వ వాడు చివరివాడే, కానీ 39 మంది చేరలేని చోటికి చేరాడు. టూర్‌లో చివర్న వచ్చినవాళ్ళని ఎర్రదీపం అంటారు, రైలు ఆఖరి పెట్టె వెనక వెలిగే దీపం పేరు మీద. ఎన్నోసార్లు ఆ చివరివాళ్ళు రోజంతా గాలికి ఎదురొడ్డి, తమ నాయకుణ్ణి కాపాడి, బలం అయిపోయి వెనకబడ్డవాళ్ళే అయ్యుంటారు.

అమ్మాయిలు కూడా రేసుల్లో ఉంటారా?

నేనున్నాను కదమ్మా! 1924లోనే ఇటలీలో అల్ఫోన్సినా స్ట్రాడా మగవాళ్ళతో కలిసి జిరో ది ఇటాలియా అనే పెద్ద రేసు తొక్కింది. దారిలో హ్యాండిల్ విరిగితే చీపురు కర్ర ముక్క బిగించుకుని ముందుకి పోయిందని చెప్పుకుంటారు. ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి సైక్లింగ్ 1896 నుంచీ ఉంటే, ఆడవాళ్ళకి 1984 దాకా చోటు దొరకలేదు. ఇప్పుడున్న మహిళల టూర్ ద ఫ్రాన్స్ 2022లో మొదలైంది. 2024లో పోలండ్ అమ్మాయి కాషా నీవియాడోమా దాన్ని కేవలం 4 సెకన్ల తేడాతో గెలిచింది. నాలుగు సెకన్లంటే ఎంతో క్లాసంతా కలిసి లెక్కపెడతాం. మేం కోల్పోయిన ఏళ్ళ గురించి నాకు బాధ ఉంది, అది పిల్లల ముందు దాచను.

ఎప్పుడైనా పడ్డారా? ఏడ్చారా?

పడ్డాను, ఏడ్చాను. మోచేతి మీద మచ్చ చూపిస్తే వాళ్ళ మోకాళ్ళ మీద మచ్చలన్నీ బయటికి వస్తాయి, ఐదు నిమిషాలు అదే సరిపోతుంది. తడి రోడ్డు మీద మలుపులో జారిపడ్డప్పుడు తగిలిన దెబ్బ అది. మలుపులోకి వచ్చాక బ్రేకు గట్టిగా పట్టడం నా తప్పు. బ్రేకు మలుపుకి ముందే పట్టాలి, రెండు చేతులతో, కొంచెం కొంచెంగా. సైక్లిస్టులు కాళ్ళ మీద వెంట్రుకలు ఎందుకు తీసేస్తారంటే, గాయం కడగడం, కట్టు మార్చడం, మాలిష్ చేయడం అన్నీ తేలికవుతాయి.

భయం కూడా వేస్తుంది. కొండ దిగేముందు ఇప్పటికీ పొట్టలో తిప్పినట్టు ఉంటుంది.

కొందరు మందులు వేసుకుని గెలుస్తారట, నిజమేనా?

ఏడేళ్ళ పిల్లాడు అడిగినా దీనికి నిజమే చెప్పాలి. మా ఆటలో అలాంటి మోసం జరిగింది, చాలా జరిగింది. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా వరసగా 7 సార్లు టూర్ గెలిచాడు. 2012లో ఆ ఏడూ తీసేశారు. వాటిని ఇంకెవరికీ ఇవ్వలేదు, విజేత పేరు ఉండాల్సిన చోట ఇప్పటికీ ఖాళీయే. ఇప్పుడు పరీక్షలు చేసేవాళ్ళు తెల్లవారుజామున కూడా తలుపు తట్టొచ్చు. రోజూ ఏ గంటలో ఎక్కడ ఉంటానో నేను ముందే రాసివ్వాలి. విసుగొస్తుంది గానీ, ఉండాలి.

ఇది విన్న చిన్నపిల్లలు జ్వరం మందు కూడా తప్పేమోనని కంగారు పడతారు. డాక్టరు ఇచ్చిన మందు వేసుకోవడం తప్పు కాదని అక్కడే స్పష్టంగా చెప్పేస్తాను.

నాకు ఇంకా సైకిల్ రాదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అందరి ముందూ రాదు. అంతా అయ్యాక ఒకరు మెల్లగా దగ్గరికొచ్చి చెవిలో అడుగుతారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే, దీనికి ఎంత సేపైనా కూర్చుంటాను.

ముందు పెడల్స్ రెండూ విప్పించేయండి. సీటు కిందికి దించితే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. ఇక తొక్కే పని లేదు, కాళ్ళతో నేలని తోసుకుంటూ పోవడమే. 1817లో జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ తయారుచేసిన మొట్టమొదటి రెండు చక్రాల బండికి కూడా పెడల్స్ లేవు, పెద్దవాళ్ళు దాన్ని ఇలాగే తోసుకుంటూ పోయేవాళ్ళు. రెండడుగులు తోసి కాళ్ళు ఎత్తండి. మళ్ళీ తోయండి. కాళ్ళు ఎత్తి ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా పడకుండా పోగలిగితే సగం పైగా వచ్చేసినట్టే.

రహస్యం హ్యాండిల్లో ఉంది. ఎడమకి ఒరిగితే హ్యాండిల్ కొంచెం ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు మళ్ళీ మన కిందికి వచ్చేస్తాయి. భయంతో హ్యాండిల్ బిగబట్టేస్తే నేనైనా పడిపోతాను. చక్రం వైపు చూడకుండా దూరంగా, వెళ్ళాల్సిన చోటుకి చూడాలి. వెనక పట్టుకునే పెద్దవాళ్ళు హ్యాండిల్ పట్టుకోకూడదు, భుజాలో వీపో పట్టుకుంటే చాలు. కుదిరాక పెడల్స్ బిగించండి. పెడల్ ఎక్కిన మొదటిరోజు మాటలు రావు, నవ్వు వస్తుంది.

హెల్మెట్ పెట్టుకోకపోతే ఏమవుతుంది?

మోకాలి చర్మం మళ్ళీ వస్తుంది, తల అలా కాదు. పెద్ద రేసుల్లో హెల్మెట్ 2003 నుంచి తప్పనిసరి. ఒక ఆటగాడు రేసులో పడి చనిపోయాక ఆ నియమం వచ్చింది. చిన్న తరగతుల్లో ఇంతకు మించి వివరం చెప్పను.

సరిగ్గా పెట్టుకోవడం గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే సగం మంది పిల్లల హెల్మెట్ టోపీలాగా వెనక్కి జారి ఉంటుంది. కనుబొమ్మల పైన రెండు వేళ్ళు పట్టాలి, అంతకంటే ఖాళీ ఉండకూడదు. చెవుల కింద పట్టీలు రెండూ కలవాలి. గడ్డం కింద ఒక వేలు దూరాలి. తల అడ్డంగా ఊపితే హెల్మెట్ కదలకూడదు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పక్కన పెట్టేయాలి.

(టీచర్లు) మీరు రావడానికి మేం ఏం సిద్ధం చేయాలి?

గ్రౌండులో కొంచెం ఖాళీ, రెండు చార్టులు. ముప్ఫై మందికి మించకుండా ఉంటే ప్రతి చెయ్యికీ జవాబు చెప్పగలను. సభలాగా స్టేజీ, దండలు వద్దు, నేల మీద గుండ్రంగా కూర్చుంటే చాలు. ఒక్క మాట ముందే చెప్పండి: సైకిల్ లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో. "మీ ఇంట్లో ఎలాంటి సైకిల్ ఉంది?" అని నేను ఎప్పుడూ అడగను, మీరూ అడగొద్దు. లేనివాళ్ళు తల దించుకోవడం ఒకసారి చూశాను, అప్పట్నుంచి మానేశాను. కళ్ళు కనబడని పిల్లలు ఉంటే కూడా చెప్పండి. ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిల్ మీద, ముందు చూపున్న మనిషి నడుపుతుంటే వెనక కూర్చుని పారాలింపిక్స్‌లో పతకాలు గెలిచేవాళ్ళ గురించి చెబుతాను, నా సైకిల్‌ని వాళ్ళు చేతులతో తడిమి చూడొచ్చు.

(తల్లిదండ్రులు) పెరుగుతాడు కదా అని పెద్ద సైకిల్ కొనొచ్చా?

వద్దు. కాళ్ళు నేలకి అందని సైకిల్ మీద పిల్లలు నేర్చుకునేది భయమే. వేళ్ళకి బ్రేకు అందుతుందో లేదో కూడా చూడండి. ఎవరో వాడి వదిలేసిన చిన్న సైకిలైనా సరే, ఇప్పటి కొలతకి సరిపోవాలి.

(తల్లిదండ్రులు) మా పాపని ప్రొఫెషనల్ చేయాలంటే ఏ వయసులో మొదలుపెట్టాలి?

తొందరేం లేదు. పరిగెత్తనివ్వండి, ఈదనివ్వండి, బంతాట ఆడనివ్వండి. స్లొవేనియాకి చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ మొదట మంచు మీద స్కీ జంపింగ్ చేసేవాడు. ఇరవై ఏళ్ళు దాటాక సైక్లింగ్‌లోకి వచ్చి స్పెయిన్ టూర్ 4 సార్లు గెలిచాడు, ఒలింపిక్ స్వర్ణం కూడా తెచ్చుకున్నాడు. ఏడేళ్ళ పిల్లని గడియారం పెట్టి తొక్కిస్తే పదేళ్ళకి సైకిల్ మొహం చూడదు.

ఇప్పుడు ఇంటికి సైకిల్ మీదే వెళ్తారా?

అవును. కానీ బయల్దేరే ముందు గాలి, బ్రేకు, చైను, ఈ మూడూ చూసుకోవాలి. ఆ పని పిల్లలకే అప్పగిస్తాను. ఒకరు ముందు చక్రం ఎత్తి తిప్పుతారు, ఇంకొకరు బ్రేకు నొక్కి అది ఆగిందని అరుస్తారు. మొన్న ఒక స్కూల్లో, క్లాసంతా ఒక్క మాట కూడా మాట్లాడని బాబు వెనక టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. "అక్కా, గాలి తగ్గింది," అన్నాడు. నిజంగానే తగ్గింది. పంపు తీసిచ్చాను, గట్టిపడేదాకా వాడే కొట్టాడు.